మూడక్షరాల పరుగు



ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట ఏది అని అడిగితే, ఏ గ్రీకు నుంచో లాటిన్ నుంచో దిగివచ్చిన బారెడు పదం ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ గౌరవం దక్కింది మాత్రం ఒకటో తరగతి పిల్లలు బొమ్మల పుస్తకంలో చదువుకునే మాటకి. ఆర్, యు, ఎన్. రన్. మూడే అక్షరాలు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మూడో కూర్పు కోసం ఈ మాటను కొత్తగా పరిష్కరించినప్పుడు, ఒక్క క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. 2011లో ఈ సంగతి పత్రికలకెక్కింది. పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు ఈ ఒక్క మాటతో తొమ్మిది నెలలకు పైగా కుస్తీ పట్టాడు.

అంతకుముందు పట్టం 'సెట్' అనే మాటది. 1989లో ఇరవై సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో సెట్ క్రియకు దాదాపు 430 అర్థాలిచ్చారు. వాటిని వివరించడానికే 60,000 మాటలు పట్టాయంటారు. అంటే ఓ మోస్తరు నవలంత.

ఇన్ని అర్థాలని ఎవరు తేలుస్తారు, ఎలా తేలుస్తారు? ఆ పని జరిగే తీరు వినదగ్గది. ఈ నిఘంటువు మొదటి కూర్పుకి జేమ్స్ మర్రే 1879లో సంపాదకుడయ్యాడు. ఇంగ్లీషు చదివేవాళ్లందరికీ ఆయన ఒక విన్నపం పంపాడు. మీరు చదివే పుస్తకంలో ఏ మాటైనా గమనించదగ్గ తీరులో కనబడితే, ఆ వాక్యాన్ని ఒక చీటీ మీద రాసి, పుస్తకం పేరు, సంవత్సరం, పుట సంఖ్య వేసి మాకు పంపండి అని. చీటీ ఆరంగుళాల పొడుగు, నాలుగంగుళాల వెడల్పు. అవి లక్షల మీద వచ్చిపడ్డాయి. ఆక్స్‌ఫర్డ్‌లో తన ఇంటి తోటలో మర్రే ఒక రేకుల షెడ్డు వేయించి, దానికి స్క్రిప్టోరియం అని పేరు పెట్టి, గోడల పొడుగునా గూళ్లు చేయించి చీటీలు సర్దించాడు. వచ్చేపోయే ఉత్తరాల తాకిడి చూసి తపాలావారు ఆయన గుమ్మం ముందే ఒక పోస్టు డబ్బా పాతారు. 1884లో మొదటి భాగం వెలువడింది. పని ముగిసేసరికి 1928 అయింది. మర్రే 1915లోనే కన్నుమూశాడు.

ఇప్పుడు రన్ అనే మాట తాలూకు చీటీల కట్ట మన ముందు విప్పారనుకోండి. మొదటి చీటీలో గుర్రం పరుగెత్తుతోంది. బల్ల మీద ఒక చోట పెట్టాం. రెండో దాంట్లో కుక్క. అదీ అక్కడికే. మూడో చీటీలో నది. దానికి కాళ్లు లేవు కదా, పక్కన పెట్టాం. నాలుగో దాంట్లో ముక్కు. జలుబు చేసినవాడి ముక్కు. అది నది పక్కకి చేరింది. ఐదో దాంట్లో ఒకాయన హోటలు నడుపుతున్నాడు. ఆయన్ని గుర్రంతో కలపలేం, నదితో కలపలేం. మూడో కుప్ప పడింది. ఇలా ఏ కుప్పలోనూ ఇమడని చీటీ దొరికినప్పుడల్లా నిఘంటువులో ఒక కొత్త అంకె పడుతుంది. 645 అంటే అలాంటి కుప్పలు 645 అన్నమాట. ఏ పండితుడూ కూర్చుని ఈ అర్థాలు కల్పించలేదు. జనం వాడుకుంటూ పోయారు, నిఘంటుకారుడు వెనకాల నడుస్తూ ఏరుకున్నాడు.

అయితే ఈ కుప్పలు దేనికది విడిగా లేవు. ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి ఉంది. ఆ దారి పట్టుకుంటే రన్ అంత గజిబిజిగా కనిపించదు.

ఇంగ్లీషుకు తోబుట్టువు లాంటి జర్మన్ భాషలో రెండు క్రియలున్నాయి. రెన్నెన్ అంటే పరుగెత్తడం. రిన్నెన్ అంటే నీరు పారడం. ఇంగ్లీషులో ఈ రెండూ ఒకే రన్‌లో కలిసిపోయాయి. అందుకే మనిషీ రన్ అవుతాడు, నదీ రన్ అవుతుంది. మనకిది వింతేమీ కాదు. కాలువ పారుతుంది, దొంగ పారిపోతాడు, పసిపాప పారాడుతుంది. మూడింట్లోనూ మనకున్నది ఒక్క 'పారు'.

నీటి దారిన వెళ్తే చాలా అర్థాలు వాటంతటవే దొరుకుతాయి. కుళాయి రన్ అవుతుంది. కొవ్వొత్తి మైనం కరిగి రన్ అవుతుంది. కొత్త చీర తడిపితే రంగు రన్ అయి పక్క బట్టలకు అంటుతుంది. నీరు ఎడతెగకుండా సాగుతుంది కదా, అలా సాగేవన్నీ రన్ కిందికే వచ్చాయి. నది ఒడ్డు వెంట రోడ్డు రన్ అవుతుంది. గోడ మీద బీట రన్ అవుతుంది. మధుమేహం ఒక కుటుంబంలో తరతరాలుగా రన్ అవుతుంది. ఆడవాళ్ల మేజోళ్లలో ఒక పోగు తెగి గీతలా కిందికి జారితే అమెరికాలో దాన్ని రన్ అంటారు. బ్రిటన్‌వారు అదే గీతలో మెట్లు చూసి నిచ్చెన అన్నారు.

నీరు మర చక్రం మీద పడింది. నీరు రన్ అయితే చక్రం రన్ అయింది, చక్రం రన్ అయితే మిల్లు రన్ అయింది. పారిశ్రామిక విప్లవం వచ్చాక ఇక ఆగలేదు. ఆవిరి యంత్రం, నూలు మిల్లు, రైలు, గడియారం, విద్యుత్ మోటారు, చివరికి కంప్యూటరులో ప్రోగ్రాము, అన్నీ రన్ అయ్యేవే. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ దాని పేరు కొత్తదే గానీ, అది చేసే పనికి మాత్రం పాత మాటే సరిపోయింది. మిల్లులోంచి ఏరకుండా, రకాలు విడదీయకుండా వచ్చిన సరుకును రన్ ఆఫ్ ద మిల్ అనేవారు. ఏ ప్రత్యేకతా లేని సాదాసీదా వస్తువుకీ మనిషికీ ఇప్పుడు అదే మాట.

ఇక్కడ ఇంగ్లీషు వ్యాకరణం చేసిన సాయం ఒకటుంది. మన భాషలో ఒక పని తానుగా జరగడానికి ఒక రూపం, ఒకరు జరిపించడానికి ఇంకో రూపం ఉంటాయి. బండి నడుస్తుంది, మనం నడుపుతాం. నీరు పారుతుంది, రైతు పారిస్తాడు. ఇంగ్లీషులో చాలా మాటలకు ఆ తేడా అరిగిపోయింది. గుర్రమూ రన్ అవుతుంది, యజమానీ గుర్రాన్ని రన్ చేస్తాడు. మిల్లు రన్ చేసినవాడు తర్వాత దుకాణం రన్ చేశాడు, బడి రన్ చేశాడు, దేశాన్నే రన్ చేశాడు. పైగా ఏ మార్పూ లేకుండా అదే మాట నామవాచకమూ అవుతుంది. దానికి అవుట్, ఓవర్, డౌన్, అప్, ఇంటూ వంటి చిన్న మాటలు తగిలిస్తే ఒక్కోదానికి మళ్లీ సొంత సంసారం. ఇంట్లో పంచదార రన్ అవుట్ అవుతుంది, అంటే నిండుకుంటుంది. పాత మిత్రుడు బజారులో తారసపడితే అతనితో రన్ ఇంటూ. లారీ ఎవరినైనా తొక్కేస్తే రన్ ఓవర్. అప్పులు పేరుకుంటే రన్ అప్. పాడుబడ్డ ఇల్లు రన్ డౌన్.

నామవాచకంగా రన్ చేసే విన్యాసాలు క్రికెట్‌లో చూడాలి. మొదట్లో ఇంగ్లండు పల్లెల్లో స్కోరు లెక్క కర్ర మీద గాట్లు పెట్టి చూసేవారు. అందుకని దాన్ని గాటు అనే అనేవారు. తర్వాత రన్ స్థిరపడింది. మన రేడియో వ్యాఖ్యాతలు దాన్ని పరుగు అన్నారు. క్రికెట్ పిచ్ 22 గజాలు. రెండు వైపులా బ్యాట్స్‌మన్ చేరాల్సిన గీతల మధ్య దూరం 58 అడుగులు. ఇద్దరు ఆటగాళ్లు చెరో 58 అడుగులు పరుగెడితే ఒక పరుగు. బంతి మైదానం అంచు గీత దాటిపోతే నాలుగు పరుగులు, ఒక్క అడుగూ వేయనక్కరలేదు. 2007 సెప్టెంబరు 19న డర్బన్‌లో స్టువర్ట్ బ్రాడ్ వేసిన ఓవర్లో యువరాజ్ సింగ్ ఆరు సిక్సర్లు కొట్టాడు. 36 పరుగులు, పరుగన్నదే లేదు! క్రికెట్‌లోనే పరుగెత్తీ చేరలేకపోయినవాడు రన్ అవుట్. ఇంట్లో పంచదార అయిపోయినా ఇదే మాట, మైదానంలో వికెట్ పోయినా ఇదే మాట. విన్నవాడెవడూ తికమక పడడు.

బ్యాంకు మీద రన్ ఇంకో విచిత్రం. బ్యాంకు మునిగిపోతోందన్న భయంతో డబ్బు దాచుకున్నవాళ్లంతా ఒక్కసారి ఎగబడటాన్ని అలా అంటారు. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ అనే బ్యాంకుకి ఆ గతి పట్టింది. టీవీలో చూసినవాళ్లకు కనిపించిందేమిటంటే, శాఖల ముందు బారులు తీరి, గంటల తరబడి ఓపిగ్గా నిలబడ్డ జనం. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఖాతాదారులు ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోబోయారు. ఈసారి బారులు కూడా అంతగా లేవు. చాలామంది కూర్చున్న చోటే కంప్యూటరులోనో ఫోనులోనో మీట నొక్కారు. మర్నాడు బ్యాంకు మూతపడింది. కాళ్లు ఎప్పుడో తప్పుకున్నాయి. మిగిలింది తొందర, భయం.

ఎన్నికల దగ్గర ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే రెండుగా చీలిపోయారు. అమెరికాలో అభ్యర్థి పదవి కోసం రన్ చేస్తాడు. బ్రిటన్‌లో అభ్యర్థి నిలబడతాడు. ఈ విషయంలో మనది బ్రిటన్ తోవ. సర్పంచికి నిలబడ్డాడు, ఎమ్మెల్యేకి నిలబడ్డాడు అంటాం. అమెరికా అధ్యక్ష అభ్యర్థితో పాటు ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసేవారిని రన్నింగ్ మేట్ అంటారు. ఇది గుర్రప్పందాల మాట. ఒకే యజమాని రెండు గుర్రాలను దించి, అసలు గుర్రానికి జోరు అందించడానికి పక్కన పరుగెత్తించే రెండో గుర్రం పేరది. 2024లో ట్రంప్ జేడీ వాన్స్‌ను ఎంచుకున్నప్పుడు, వాన్స్ భార్య ఉష మూలాలు ఆంధ్రలో ఉండటంతో, రన్నింగ్ మేట్ అన్నది మన పత్రికల్లోనూ తరచుగా కనబడింది.

ఆ మాటకొస్తే రన్ మన ఊళ్లలో కాపురం పెట్టి చాలాకాలమైంది. మన దగ్గర దానికి సొంత బతుకు ఉంది. గ్రానైటు వేసే మేస్త్రీని అడగండి, రన్నింగ్ ఫీటుకి ఇంత అంటాడు. వెడల్పు ఇంతని ముందే అనుకున్నారు, ఇక పొడుగు మాత్రమే కొలవాలి అని దానర్థం. కాలేజీ పిల్లలు పాఠం వింటూ గబగబా గీకేవి రన్నింగ్ నోట్సు. కదిలే బస్సు ఎక్కబోతే కండక్టరు రన్నింగ్ బస్సు ఎక్కొద్దని కసురుతాడు. రైల్వేలో ఇంకా బాగుంటుంది. రైలు నడిపే లోకో పైలట్లు, ఇప్పుడు ట్రైన్ మేనేజర్లని పిలిచే గార్డులు రన్నింగ్ స్టాఫ్. విజయవాడ, కాజీపేట, గుంతకల్లు వంటి జంక్షన్లలో వారు డ్యూటీ దిగి భోంచేసి, మళ్లీ బండి ఎక్కేదాకా నిద్రపోయే చోటుంది. దాని పేరు రన్నింగ్ రూమ్.

డ్రై రన్, వెట్ రన్ అనే జంట పదాలు తెలుగు పత్రికలు బాగా వాడాయి. 2019 ఏప్రిల్‌లో కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా పెద్దపల్లి జిల్లా నందిమేడారం పంపుహౌసులో వెట్ రన్ జరిగింది. 124 మెగావాట్లకు పైబడ్డ మోటారును నిజంగా నీటితో తిప్పి, గోదావరి నీళ్లు పైకి ఎక్కుతున్నాయో లేదో చూడటం. నీళ్లు లేకుండా ఉత్తుత్తిగా తిప్పి చూస్తే డ్రై రన్. ఏడాదిన్నర గడిచాక, 2020 డిసెంబరు చివర, మన దేశంలో కరోనా టీకా ఇంకా రాకముందు నాలుగు రాష్ట్రాల్లో డ్రై రన్ జరిపారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, జరిగింది కృష్ణా జిల్లాలో. పేరు సరిచూశారు, కుర్చీలో కూర్చోబెట్టారు, తర్వాత గమనించే గదిలోకి పంపారు. సూది మాత్రం గుచ్చలేదు. ఇక్కడ ఎండిపోయిందేమీ లేదు, పరుగెత్తిందీ ఎవరూ లేరు. అయినా ఆ వార్త చదివిన రైతుకీ రిక్షా తొక్కేవాడికీ సంగతేమిటో అర్థమైంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంగ్లీషువాళ్లు ఇన్ని చోట్ల రన్ అంటున్నారు కదా, ఆ చోట్ల మనమేమంటున్నాం? దుకాణాన్ని వాళ్లు పరుగెత్తిస్తారు, మనం నడుపుతాం. ప్రభుత్వమూ, బడీ, సంసారమూ, కారూ మనకు నడిచేవే, నడిపేవే. గడియారం నడుస్తుంది. కోర్టులో కేసు నడుస్తుంది. జాతకంలో శని నడుస్తాడు. తెలంగాణలో అయితే ఏదైనా పరవాలేదు, పని జరిగిపోతుంది అనడానికి 'నడుస్తది' అంటే చాలు. మనిషి ప్రవర్తనకు నడత, నడవడి అన్నాం. కాలు కదపని వాటన్నిటికీ మనం నడక నేర్పాం.

నడక చాలని చోట ఆట పెట్టాం. లండన్‌లో మౌస్‌ట్రాప్ అనే నాటకం 1952లో మొదలైంది. కరోనా కాలంలో మూతపడ్డ నెలలు తప్పిస్తే అప్పటినుంచీ అది రన్ అవుతూనే ఉంది. మనమైతే ఆడుతోంది అంటాం. సినిమా వంద రోజులు ఆడింది అంటాం. ఊపిరి ఆడుతుంది. కంగారులో చేయి ఆడదు, బుర్ర ఆడదు. గాలి ఆడని గది ఉంటుంది. అబద్ధం ఆడతాం, మాట్లాడతాం, పోట్లాడతాం, వేటాడతాం. పిండి మర ఆడిస్తాం, గానుగ ఆడిస్తాం. ఇంగ్లీషువాళ్లకి నూనె మిల్లు రన్ అయితే మనకి ఆడుతుంది. ఆడు అనే మాట చీటీలు ఎవరైనా బల్ల మీద పరిస్తే కుప్పలు తక్కువేమీ పడవు.

ఏ భాషలోనైనా ఇంత బరువు మోసేవి ఇలాంటి చిన్న, పాత, ఇంటి మాటలే. మన కత్తిపీట చూడండి, కూర తరగడానికీ అదే, కొబ్బరి కోరడానికీ అదే, మామిడికాయ కొట్టడానికీ అదే. రన్, సెట్, పుట్, గెట్, టేక్ అలాంటివి. కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చినప్పుడు చేతికి అందేవి ఇవే. వాళ్ల చేతికి పరుగు అందింది, మన చేతికి నడక, ఆట అందాయి.

ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు, వారికి నేర్పుతున్న మాస్టార్లకు దీన్నుంచి పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. పరీక్ష కోసం రన్ అంటే పరుగెత్తు అని ఒక అర్థం, నిర్వహించు అని ఇంకో అర్థం, ఇలా జాబితా రాసి బట్టీ పట్టించడం దండగ. 645 బట్టీ పట్టినవాడు ఇంగ్లండులోనూ లేడు. వాక్యంలో మూడు చోట్ల చూడమనండి. రన్ అవుతున్నది ఎవరు, ఏమిటి? మనిషా, నీరా, యంత్రమా? దాన్ని ఇంకెవరైనా జరిపిస్తున్నారా? రన్ పక్కన ఉన్న చిన్న మాట ఏది? ఈ మూడూ తెలిస్తే నూటికి తొంభై చోట్ల నిఘంటువు తెరవక్కరలేదు. తర్వాత అదే వాక్యాన్ని తెలుగులో చెప్పమనండి. పిల్లవాడు పరుగు అంటాడా, నడక అంటాడా, పారడం అంటాడా, ఆడటం అంటాడా చూడండి. సరైన తెలుగు క్రియ నోటికొస్తే ఇంగ్లీషు వాక్యం అర్థమైనట్టే. రాకపోతే మాటకు మాట పెట్టి గట్టెక్కాలని చూస్తున్నాడన్నమాట.

ఇంకొక మనవి. మర్రేకి చీటీలు పంపినవాళ్లలో ఎక్కువమంది పండితులు కారు. తీరిక సమయంలో పుస్తకాలు చదువుకునే మామూలు మనుషులు. మన మాటల విషయంలో మీరూ ఆ పని చేయవచ్చు. మీ ఇంట్లో, మీ పొలంలో, మీ కార్ఖానాలో 'ఆడు' అనే మాటని ఎన్ని రకాలుగా వాడుతున్నారో వారం రోజులు చెవి ఒగ్గి వినండి. శ్రీకాకుళంలో ఒక తీరు వినిపిస్తుంది, ఆదిలాబాదులో ఇంకొకటి, చిత్తూరులో మరొకటి. కోస్తాలో పరుగెత్తితే తెలంగాణలో ఉరుకుతారు. విన్న వాక్యం విన్నట్టుగా, ఎవరు ఏ పని చేస్తూ అన్నారో, ఏ ఊళ్లో అన్నారో రాసి పెట్టండి. అర్థం రాయకపోయినా ఫరవాలేదు. వాక్యం ఉంటే అర్థం ఎవరైనా తేల్చగలరు. వాక్యమే పోతే ఏ పండితుడూ తేలేడు.